పొద్దు గుంకకముందే కూలి

(జాన్ ఎవెరెట్ క్లౌ స్మారకోపన్యాస పాఠం)



ఒంగోలుకు తూర్పున, సముద్రానికి దగ్గరగా, ఇసుక దిబ్బల పక్కనే ఒక కాలువ సాగుతుంది. పెదగంజాం దగ్గర కొమ్మమూరు కాలువను అందుకుని నెల్లూరు తీరం, మద్రాసు దాటి మరక్కాణం వరకు 400 కిలోమీటర్లకు పైగా వెళ్లే బకింగ్‌హాం కాలువ అది. ఒకప్పుడు పడవలతో కళకళలాడింది. ఇప్పుడు చాలాచోట్ల పూడిపోయి, తుమ్మ పొదలు కమ్ముకుని ఉంది. ఈ కాలువలో మూడున్నర మైళ్ల ముక్కను కరువు రోజుల్లో తవ్వించిన కాంట్రాక్టరు ఒక మిషనరీ. ఆయన పేరు జాన్ ఎవెరెట్ క్లౌ. ఒంగోలు చుట్టుపక్కల పల్లెల్లో ఆయన క్లౌ దొర.

క్లౌ 1836లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టారు. అయోవాలో పెరిగారు. దైవసేవకు రాకముందు గొలుసు, దిక్సూచి పట్టుకుని భూములు కొలిచిన సర్వేయరు. 1865లో భారతదేశానికి వచ్చి, 1866 సెప్టెంబరులో ఒంగోలులో స్థిరపడ్డారు. 1867 జనవరి 1న అక్కడ సంఘం మొదలైన రోజున సభ్యులు 8 మంది. 1910లో ఆయన అమెరికాలో కన్నుమూసే నాటికి ఆ సంఘం వేల కుటుంబాలకు విస్తరించింది.

క్లౌ పేరు వినగానే చాలామంది నోట వచ్చే అంకె 2,222. 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క పగటి వేళలో బాప్తిస్మం పొందినవారి సంఖ్య అది. ప్రసంగాల్లో, సంఘ చరిత్రల్లో ఆ అంకె మోగుతూనే ఉంటుంది. ఈ ఉపన్యాసం మాత్రం దానికి ముందు జరిగిన సంగతి దగ్గర ఆగుతుంది. ఆ రోజుకు ముందు ఒక కాలువ పని ఉంది, కూలి లెక్కల పుస్తకం ఉంది, పదిహేను నెలలపాటు క్లౌ చెప్పిన ఒక 'వద్దు' ఉంది. బైబిలు విశ్వాసంలో బీదల పట్ల బాధ్యత అంటే ఏమిటో ఆ మూడింటిలో కనిపించినంత స్పష్టంగా అంకెల్లో కనిపించదు. బీదవాడికి అందవలసింది అతని హక్కుగా అందాలి, అతని తల వంచకుండా అందాలి, దానికి బదులుగా అతని విశ్వాసాన్ని వెలగా అడగకూడదు. చెప్పదలచినది ఇదే.

పరిగె ఎవరిది?

తెలుగు పల్లెలో 'పరిగె' అన్న మాటకు అర్థం చెప్పనక్కర్లేదు. కోత అయిపోయాక మడిలో రాలిన వెన్నులు, కొడవలి తప్పించుకున్న కంకులు ఏరుకోవడం పరిగె. కొంగు నడుముకు చుట్టి ఒడి కట్టుకున్న ముసలమ్మలు, చిన్న బుట్టలు పట్టుకున్న పిల్లలు కోత మళ్లలో వంగి నడిచే దృశ్యం నిన్నమొన్నటి దాకా ప్రతి ఊళ్లోనూ ఉండేది. బైబిలును తెలుగులోకి తెచ్చినవారు లేవీయకాండం 19వ అధ్యాయంలో సరిగ్గా ఈ మాటే వాడారు. పొలం ఓరల దాకా కోయకూడదు, పరిగె యజమాని ఏరుకోకూడదు, ద్రాక్షతోటలో రాలిన పండ్లు తిరిగి ఏరకూడదు అని అక్కడి నియమం. అవి బీదలకు, పరదేశులకు వదలాలి. ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం ఇంకో మాట చేర్చింది. పొలంలో పన మరిచిపోయి ఇంటికి వస్తే దానికోసం వెనక్కి వెళ్లకూడదు. అది పరదేశికి, తండ్రి లేని బిడ్డకు, విధవరాలికి చెందుతుంది.

ఈ నియమాలు ఏ సందర్భంలో వచ్చాయో గమనించాలి. లేవీయకాండం 19వ అధ్యాయం పరిశుద్ధతకు పిలుపుతో మొదలవుతుంది. దేవుడు పరిశుద్ధుడు గనుక ఆయన ప్రజలూ పరిశుద్ధులై ఉండాలి అన్నది అక్కడి ఆజ్ఞ. పరిశుద్ధత అనగానే గుడి, బలిపీఠం, ధూపం గుర్తుకొస్తాయి. ఆ అధ్యాయం మాత్రం కొద్ది వాక్యాల్లోనే పొలం గట్టు మీదికి వచ్చేస్తుంది. ఓరలు వదిలావా? కూలివాడి కూలి తెల్లారేదాకా నీ దగ్గర ఉంచుకున్నావా? చెవిటివాణ్ణి తిట్టావా? గుడ్డివాడి దారిలో అడ్డం పెట్టావా? నీ త్రాసు, నీ కుంచం సరిగ్గా ఉన్నాయా? పరిశుద్ధతను ఈ ప్రశ్నలతో కొలుస్తుంది.

పరిగె దానం కాదు. దానంలో ఇచ్చేవాడి చెయ్యి పైన ఉంటుంది, ఎవరికి ఇవ్వాలో, ఎప్పుడు ఇవ్వాలో అతనే తేలుస్తాడు. పరిగెలో యజమాని చేయవలసింది తప్పుకోవడం. ఏరుకోవడానికి ఎవరు వస్తారో అతను ఎంచుకోడు. వచ్చినవాళ్లు దండం పెట్టాలన్న షరతూ ఎక్కడా లేదు.

ఈ నియమం నిజంగా అమలైతే ఎలా ఉంటుందో రూతు గ్రంథం చూపిస్తుంది. రూతు మోయాబు స్త్రీ, పరాయి జాతి మనిషి, భర్త పోయినది. అత్త నయోమితో బేత్లెహేముకు వచ్చి యవల కోతలో బోయజు పొలంలో పరిగె ఏరుతుంది. బోయజు తన పనివాళ్లకు మూడు సంగతులు చెబుతాడు. ఆమెను ముట్టవద్దు. పనల మధ్య ఏరుకున్నా అవమానపరచవద్దు. కట్టల్లోంచి కొన్ని కంకులు కావాలనే లాగి ఆమె దారిలో వదలండి. భోజనం వేళ ఆమెను కోత కూలీల పక్కనే కూర్చోబెట్టి రొట్టె తినమంటాడు. సాయంత్రం ఆమె తను ఏరుకున్నది దుళ్లగొట్టుకుని ఇంటికి మోసుకువెళుతుంది. ఆ గింజల్లో బోయజు ఉదారత ఎంత ఉన్నా, ఆమె చెమట కూడా ఉంది. అవమానం కాకుండా చూడమన్న రెండో మాటను చాలా సహాయ కార్యక్రమాలు మరిచిపోతాయి. ఫొటో కోసం సంచి పట్టుకుని నిలబడిన బీదవాడి ముఖం చూస్తే ఆ మాట ఎందుకు అంత ముఖ్యమో అర్థమవుతుంది.

మోషే ధర్మశాస్త్రంలో సూర్యాస్తమయానికి ఒక ప్రత్యేక స్థానం ఉంది. కూలివాడి కూలి పొద్దు గుంకకముందే చెల్లించాలి, అతని ప్రాణం దాని మీదే ఉంది. అప్పు కింద బీదవాడి దుప్పటి తాకట్టు పెట్టుకుంటే అదీ పొద్దు గుంకకముందే తిరిగి ఇవ్వాలి, కప్పుకోవడానికి అతనికి వేరేది లేదు. నెలవారీ జీతం అందుకునేవాడికి పొద్దు గుంకడం ఒక అందమైన దృశ్యం. రోజు కూలికి వెళ్లేవాడికి ఆ గంట పొయ్యి వెలుగుతుందా లేదా అని తేలే గంట.

చెప్పుల జత వెల

ఆమోసు తెకోవలో గొర్రెల కాపరి. ఇశ్రాయేలు ఉత్తర రాజ్యం సిరిసంపదలతో తులతూగుతున్న కాలంలో వెళ్లి ఆయన వేసిన నిందల్లో ఒకటి, బీదవాణ్ణి ఒక చెప్పుల జత కోసం అమ్మేస్తున్నారన్నది. కుంచం చిన్నది చేసి, తులం పెద్దది చేసి, త్రాసు మోసం చేసి, చివరికి చెత్త గింజలు కూడా బీదలకు అంటగడుతున్నారన్నది మరొకటి. అలాంటి చేతులతో చేసే పండుగలను, పాడే పాటలను దేవుడు అసహ్యించుకుంటాడని ఆయన సందేశం.

యిర్మీయా ఇంకా దగ్గరగా వచ్చి రాజు గుమ్మం ముందే మాట్లాడతాడు. యెహోయాకీము దేవదారు పలకలతో పెద్ద పెద్ద కిటికీల మేడ కట్టిస్తూ పనివాళ్లకు కూలి ఎగ్గొడుతున్నాడు. అతని తండ్రి యోషీయా కూడా రాజే, కానీ దీనుల పక్షాన, దరిద్రుల పక్షాన న్యాయం తీర్చాడు. దేవుణ్ణి ఎరగడం అంటే అదే కదా అని యిర్మీయా నోట దేవుడు అడుగుతాడు. బైబిలులో ఈ చర్చకు ఇరుసు లాంటి చోటు ఇది. దేవుణ్ణి ఎరిగినవాడు ఆ తర్వాత వీలు చూసుకుని బీదవాడికి న్యాయం చేస్తాడని ప్రవక్త అనలేదు. న్యాయం చేయడాన్నే ఎరగడం అన్నాడు.

చెప్పుల జత అన్న మాట ఒంగోలు ప్రాంతంలో చదివితే ఇంకా లోతుగా దిగుతుంది. క్లౌ దగ్గరికి మొదట వచ్చినవారు చెప్పులు కుట్టే మాదిగలు. మోటకు తోలు బొక్కెన, ఎద్దుకు పలుపు, కాపుకు చెప్పులు, ఊరికి డప్పు, వీటన్నిటికీ వాళ్ల చేతులే దిక్కు. ప్రతిఫలంగా కళ్లం దగ్గర కొలిచే మేర, ఆపైన వెట్టి చాకిరి, ఊరి బావి గట్టు ఎక్కరాదన్న కట్టు. తాళ్లకొండపాడుకు చెందిన యెర్రగుంట్ల పేరయ్య వారిలో తోళ్ల వ్యాపారి, జ్ఞానాన్వేషి. క్రైస్తవ బోధ ఎక్కడో విని, లోలోపల నమ్మి, 1866లోనే బాప్తిస్మం పొందిన మనిషి. తన పల్లెకు తనే మొదటి బోధకుడు అయ్యారు. క్లౌ ఉద్యమాన్ని పుట్టించారనడం కంటే, పేరయ్య వెంట క్లౌ నడిచారనడం న్యాయం. క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ ఆ తరం మాదిగ బోధకుల జ్ఞాపకాలు కూర్చి 1899లో ఒక పుస్తకం తెచ్చారు. దాని పేరుకు అర్థం 'చెప్పులు కుడుతూ' అని. విశ్వాసం కూలికి, న్యాయానికి కూడా సంబంధించినదని అమెరికాలో గట్టిగా వాదించిన వాల్టర్ రౌషెన్‌బుష్ ఆమె తమ్ముడే.

ఒంగోలులో క్లౌ తొలి రోజుల్లో ఒక పరీక్ష ఎదురైంది. ఊరి పెద్ద కులాలవారు తమ పిల్లలను మిషన్ బడికి పంపుతున్నారు. మాదిగలను సంఘంలో చేర్చుకుంటే పిల్లలను మానిపిస్తామని కబురు వచ్చింది. ఏం చేయాలో తోచక క్లౌ ఒక గదిలో, ఆయన భార్య హారియెట్ మరో గదిలో బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయంలో ఒకే చోటు కనిపించిందని ఆ దంపతుల కథ. లోకంలో నీచులని, ఎన్నికలేనివారని అనిపించుకున్నవారిని దేవుడు ఏర్పరచుకున్నాడని పౌలు రాసిన చోటు అది. బడి ఖాళీ అయితే కానీ అని వాళ్లు తీర్మానించుకున్నారు.

ధాత, ఈశ్వర

1876లో వానలు ముఖం చాటేశాయి. తెలుగు లెక్కలో అది ధాత సంవత్సరం. మరుసటి ఈశ్వరలోనూ కరువు వదల్లేదు. మద్రాసు ప్రెసిడెన్సీ, మైసూరు, బొంబాయి, హైదరాబాదు ప్రాంతాలు కరువు కోరల్లో చిక్కాయి. బ్రిటిష్ పాలనలోని ప్రాంతాల్లోనే 50 లక్షలకు పైగా ప్రాణాలు పోయాయని లెక్క. 1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియా రాణిని భారత చక్రవర్తినిగా ప్రకటిస్తూ వైస్రాయి లిట్టన్ దర్బారు జరిగింది. అదే నెలలో కరువు ఖర్చు తగ్గించే పని మీద సర్ రిచర్డ్ టెంపుల్ మద్రాసుకు వచ్చారు.

అంతకు మూడేళ్ల ముందు బీహారు కరువులో ఇదే టెంపుల్ బియ్యం తెప్పించి ప్రాణాలు కాపాడి, దుబారా చేశారని నింద మోశారు. మద్రాసులో ఆ నింద మళ్లీ రాకూడదనుకున్నారేమో, పని శిబిరాల్లో మగవాడి కూలిని రోజుకు ఒక పౌను ధాన్యం, పైన కొద్ది చిల్లరకు కుదించారు. ఆ కొలత చరిత్రలో టెంపుల్ కూలి అన్న పేరుతోనే మిగిలింది. నిజంగా అక్కర ఉన్నవాడే వస్తాడని పనిచోటు ఇంటికి దూరంగా ఉండాలన్న షరతూ పెట్టారు. పలుగు పట్టి మట్టి మోసే ఒంటికి ఆ తిండి చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ గట్టిగా ఎదురు చెప్పారు. శిబిరాల్లో ఆకలితో, కలరాతో మనుషులు రాలిపోతుంటే ఆయన మాటకు బలం పెరిగి, కొన్ని నెలలకు కూలి పెంచారు. ఆ రోజుల వివరాలను మద్రాసు పత్రికా సంపాదకుడు విలియం డిగ్బీ 1878లో రెండు సంపుటాలుగా అచ్చు వేయించారు.

మాదిగ పల్లెల మీద ఈ కరువు రెండింతలుగా పడింది. కోతలే లేనప్పుడు కళ్లంలో మేర ఎక్కడిది? పశువులు చచ్చిపోయాక తోలు పని ఎక్కడిది? సర్కారు శిబిరానికి వెళితే అక్కడా కులం ముందే కూర్చుని ఉంది. మేస్త్రీలు కొట్టడం, కొలతలో కోత పెట్టడం, నీళ్లు అందనివ్వకపోవడం, ఇవన్నీ క్లౌ చెవిన పడుతూ వచ్చాయి. ఆమోసు చెప్పిన చిన్న కుంచం కాలువ గట్టు మీదికి కూడా వచ్చిందన్నమాట.

మూడున్నర మైళ్లు

క్లౌ ముందు రెండు దారులు ఉన్నాయి. విదేశాల నుంచి చందాలు తెప్పించి గంజి పోయడం ఒకటి. అదీ జరిగింది, పని చేయలేని ముసలివాళ్లకు, రోగులకు, పిల్లలకు అది తప్పనిసరి కూడా. రెండోది, పని చేయగలవారికి కొట్టే మేస్త్రీ లేని, కోత పెట్టే కొలత లేని చోట పని చూపించడం. పాత సర్వేయరు మేల్కొన్నాడు. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల భాగాన్ని ఆయన తన పేర కాంట్రాక్టు తీసుకున్నారు. రాజుపాలెం దగ్గర శిబిరం వెలిసింది. పల్లె బోధకులే మేస్త్రీలయ్యారు. పలుగులు, పారలు, తట్టలు సమకూరాయి. గుంపులు గుంపులుగా మనుషులు వచ్చారు. క్రైస్తవులు, కానివారు, మాదిగలు, ఇతర కులాలవారు అందరూ ఆ కాలువలో మట్టి మోశారు. క్లౌ లాభం ఉంచుకోలేదు.

మేస్త్రీ ఎవరన్నది చిన్న సంగతి కాదు. కరువు పనిలో కూలీ బతుకు మేస్త్రీ చేతిలోని కొలబద్ద మీద ఉంటుంది. ఎన్ని తట్టలు మోశాడో, గుంట ఎంత లోతు తవ్వాడో రాసేది అతనే. ఆ కొలబద్ద నిన్నటిదాకా ఊరి బయట కూర్చున్న మనిషి చేతికి రావడం ఆ కాలువ గట్టు మీద జరిగిన మార్పుల్లో పెద్దది. మధ్యాహ్నం విశ్రాంతి వేళ అదే మేస్త్రీ తోటి కూలీల మధ్య చతికిలబడి యేసు కథ చెప్పేవాడు. ప్రయాసపడి భారం మోసేవారిని యేసు తన దగ్గరికి పిలిచిన చోటును మళ్లీ మళ్లీ చెప్పించుకునేవారని క్లౌ జ్ఞాపకం. తల మీద మట్టి తట్ట ఉన్నవాడికి ఆ మాట వ్యాఖ్యానం లేకుండానే అర్థమయ్యేది.

పదిహేను నెలల 'వద్దు'

శిబిరం నడుస్తుండగానే బాప్తిస్మం కావాలంటూ జనం అడగసాగారు. క్లౌ వద్దన్నారు. వారం కాదు, నెల కాదు, పదిహేను నెలలు. అన్నం కోసం మతం మారారన్న నింద రాకూడదన్నది ఒక కారణం. దాని కింద ఇంకా బలమైన కారణం ఉంది. ఆకలితో ఉన్నవాడికి కూలి ఇచ్చే చెయ్యి, అతని మనస్సాక్షి మీద కూడా పడితే ఆ కూలి కూలి కాకుండా పోతుంది. అది కొనుగోలు అవుతుంది. ఆమోసు నిందించినది సరిగ్గా మనిషిని కొని అమ్మడాన్నే.

1878 జూన్ నాటికి కరువు సడలింది. ఒంగోలులో పిలిస్తే జనం ఇంకా సహాయం దొరుకుతుందని వస్తారేమోనని క్లౌ సభను ఊరికి పది మైళ్ల ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డునున్న వెల్లంపల్లిలో పెట్టారు. వచ్చినవారితో, ఇక ఇవ్వడానికి తన దగ్గర ఏమీ లేదని, ఇళ్లకు వెళ్లమని చెప్పారు. అప్పుడు వాళ్లు తమ అరచేతులు చూపించారు. అవి పలుగు పట్టి బొబ్బలెక్కిన చేతులు. సహాయం అడగడానికి రాలేదని, పని చేసి బతికామని, రేపు పంట పోతే చావనైనా చస్తామని, క్రైస్తవులుగా చావాలని ఉందని వాళ్లు చెప్పినట్టు క్లౌ తర్వాత రాయించుకున్నారు. జులై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మూడు రోజుల్లో 3,536 మంది నదిలో దిగారు. బాప్తిస్మం ఇచ్చింది దేశీయ బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు మారుతూ.

ఆ చేతులు చూపించడాన్ని మరిచిపోయి 2,222 మాత్రమే గుర్తుంచుకుంటే ఈ కథ సగం పోయినట్టే. దానం తీసుకున్నవాడి దగ్గర చూపించడానికి ఏముంటుంది? పని చేసి కూలి తీసుకున్నవాడి దగ్గర తన చేతులు ఉంటాయి.

అంతియొకయ నుంచి మెదకు దాకా

కరువు సహాయం సంఘానికి కొత్త కాదు. అపొస్తలుల కార్యములు 11వ అధ్యాయంలో అగబు అనే ప్రవక్త కరువు రాబోతోందని చెబితే, అంతియొకయ సంఘం ఎవరి శక్తి కొద్దీ వారు పోగుచేసి బర్నబా, సౌలు చేత యూదయకు పంపింది. పంపినవారిలో చాలామంది అన్యజనులు, అందుకున్నవారు యూదులు. దానికి ముందు 6వ అధ్యాయంలో యెరూషలేము సంఘం రోజువారీ వడ్డనలో గ్రీకు మాట్లాడే విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారన్న ఫిర్యాదు వచ్చింది. అపొస్తలులు ఫిర్యాదును అణచలేదు. ఏడుగురిని ఎన్నుకుని వడ్డన బాధ్యత అప్పగించారు. ఆ ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. కొలబద్ద నష్టపోయినవారి వైపు మారిందన్నమాట.

నాలుగో శతాబ్దంలో కప్పదొకియలో కరువు వచ్చినప్పుడు కైసరయకు చెందిన బాసిలు ధాన్యం దాచిన వర్తకుల మీద ప్రసంగాలు చేసి గాదెలు తెరిపించారు, ఊరి బయట రోగులకు, బీదలకు ఒక పెద్ద ఆశ్రయం కట్టించారు. అంతకు కొన్నేళ్ల ముందు క్రైస్తవులంటే గిట్టని రోము చక్రవర్తి జూలియను, వీళ్లు తమ బీదలనే కాక మన బీదలను కూడా పోషిస్తున్నారని తన పూజారికి ఫిర్యాదుగా రాశాడు. అంత మంచి సాక్ష్యం భక్తుల నోట కూడా దొరకదు.

తెలుగు నేల మీద ఇలాంటి మరో గుర్తు మెదకు చర్చి. 1914లో మొదలై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ అయిన ఆ గుడి గోపురం సుమారు 175 అడుగులు. చార్లెస్ వాకర్ పోస్నెట్ ఆ కట్టడాన్ని ఎత్తుకున్నది కరువు పీడించిన రోజుల్లో, పల్లె జనానికి పని చూపించి కడుపు నింపడానికి. అక్కడి రాళ్లకు ఆ కూలీల చేతులు తెలుసు.

దోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య ఈ చర్చకు ఇంకో కోణం తెచ్చారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయినవారు ఆయన. అంతకు రెండేళ్ల ముందు ఎడింబరో మహాసభలో, మిషనరీల త్యాగాలకు భారత సంఘం కృతజ్ఞతతో ఉంటుందని చెబుతూనే, ఇంకా అందనిది స్నేహమని నిండు సభలో చెప్పి చాలామందిని ఇబ్బంది పెట్టారు. ఇచ్చేవాడు బల్ల దగ్గర కూర్చోబెట్టకపోతే ఇచ్చింది ఎంతైనా కొరతే. ఆయన బీదలను తీసుకునేవారిగా మాత్రమే చూడలేదు, క్రైస్తవులు ఇవ్వడం గురించి ఒక పుస్తకమే రాశారు. తెలుగు పల్లె సంఘాల్లో అన్నం వండేముందు గుప్పెడు బియ్యం తీసి వేరే కుండలో వేసి, ఆదివారం గుడికి తెచ్చే అలవాటు చాలాకాలం ఉంది. మాసిదోనియ సంఘాలు కటిక పేదరికంలో ఉండి కూడా ఇచ్చాయని పౌలు రాసినది ఆ కుండలో కనిపించేది.

అనంతపురంలో 1969లో అడుగుపెట్టిన విన్సెంట్ ఫెర్రర్ ఈ వరుసలో దగ్గరి కాలపు మనిషి. జెసూట్ సన్యాసిగా భారతదేశానికి వచ్చి, తర్వాత ఆ సభ నుంచి బయటికి వచ్చి, రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు ద్వారా బావులు, బడులు, ఇళ్లు, ఆసుపత్రుల పని నడిపారు. 2009లో కన్నుమూశాక ఆయనను బత్తలపల్లిలోనే సమాధి చేశారు. ఎండిన జిల్లాలో ఆయన మొదట పట్టించుకున్నది కూడా నీళ్లనే.

లెక్కల పుస్తకం

ఈ చరిత్ర అంతా వెలుగే అనుకుంటే అబద్ధమవుతుంది. సంఘంలోకి వచ్చినా మాల, మాదిగ గోడలు చాలాచోట్ల కూలలేదు, ఒకే ఊళ్లో రెండు గుళ్లు నిలిచాయి. దేశం కూడా వాళ్లకు ఒక బాకీ పడింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను మొదట హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తెరిచారు. క్రైస్తవం తీసుకున్న దళితులు బయటే ఉన్నారు. గుడి మారినంత మాత్రాన ఊరి బావి దగ్గర వాళ్ల స్థానం మారలేదని ఎరిగినవారు ఈ సంగతిని న్యాయం ప్రశ్నగా ఎత్తుతూనే ఉండాలి.

ధాత కరువు శవాల మీదుగా 1880లో కరువు కమిషన్ నివేదిక వచ్చింది, ఆ తర్వాత కరువు నియమావళి వచ్చింది. పని అడిగినవాడికి పని చూపించడం ప్రభుత్వ బాధ్యతన్న ఆలోచన అక్కడినుంచి నెమ్మదిగా ఎదిగి 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో హక్కుగా నిలిచింది. 2006 ఫిబ్రవరి 2న ఆ పథకం మొదలైంది కూడా కరువు నేల అనంతపురం జిల్లాలోని బండ్లపల్లిలో. కూలి పదిహేను రోజుల్లో చెల్లించాలని, ఆలస్యమైతే పరిహారం ఇవ్వాలని చట్టంలో రాశారు. మోషే పెట్టిన గడువు పొద్దు గుంకేలోపు. పదిహేను రోజుల గడువైనా తప్పినప్పుడు మండలాఫీసు మెట్ల మీద కూర్చున్న ముసలమ్మ తరఫున అడిగేది ఎవరు? యాకోబు తన పత్రికలో, పొలం కోసినవారికి ఎగ్గొట్టిన కూలి దానంతటదే కేకలు వేస్తుందని రాశాడు. ఆ కేక ఆదివారం ఆరాధనలో పాటల కంటే ముందు వినపడాలి.

పని మన గుమ్మం దగ్గరే మొదలవ్వాలి. ప్రతి సంఘం, ప్రతి క్రైస్తవ బడి, ప్రతి ఆసుపత్రి తన లెక్కల పుస్తకం తెరిచి చూడాలి. ఆయాకు, వాచ్‌మన్‌కు, మరుగుదొడ్లు కడిగే మనిషికి జీతం ఏ తేదీన అందుతోంది? కాంట్రాక్టు పేరుతో మధ్యలో ఎవరైనా కోత పెడుతున్నారా? పల్లె సంఘ కాపరి పిల్లల ఫీజు ఎవరు కడుతున్నారు? వరదల్లో, కరువులో పంచిన బియ్యం వరుసలో వేరే మతం వాళ్లు నిలబడితే వాళ్లకూ అదే కొలత పడిందా? సహాయం అందుకున్నవారి పేర్లు ప్రార్థన కార్డులోకి ఎక్కించే ముందు వాళ్లను అడిగారా? క్లౌ పదిహేను నెలలు వద్దన్నది ఈ చివరి ప్రశ్న కోసమే. ఈ ప్రశ్నలకు జవాబు దొరికే చోటు ప్రసంగ వేదిక కాదు, సంఘ కోశాధికారి బల్ల.

తీర్పు దినాన గొర్రెలను, మేకలను వేరు చేసే యేసు ఉపమానంలో, ఆకలిగొన్నవారికి పెట్టినవాళ్లు ఆశ్చర్యపోతారు. తాము యేసుకు పెట్టామని వాళ్లకు తెలియదు. వాళ్లకు తెలిసింది ఎదుట ఉన్న మనిషి ఆకలి ఒక్కటే.

1877లో రాజుపాలెం శిబిరంలో మట్టి మోసినవారికి కూడా, ఆ రోజు కూలికి మించి తాము ఏం చేస్తున్నామో తెలియదు. సరుకు పడవలు పోవడానికని తవ్విన ఆ కాలువ మీదికి 2004 డిసెంబరు 26 ఉదయం సునామీ వచ్చింది. పెదగంజాం నుంచి చెన్నై దాకా ఒడ్డు మీదికి ఉరికిన సముద్రపు నీటిలో చాలా భాగాన్ని బకింగ్‌హాం కాలువ ఇముడ్చుకుంది. కొన్నిచోట్ల గట్లు పొర్లినా, పది పదిహేను నిమిషాల్లో నీరు వెనక్కి తీసింది. కాలువకు పడమర ఒడ్డున మత్స్యకారుల గుడిసెలు ఉన్నాయి. వాటిలో ఆ పూట ఎంతోమంది ప్రాణాలతో మిగిలారు. కాలువ తవ్విన చేతుల పేర్లు ఏ మస్టర్ రోల్‌లోనూ ఇప్పుడు దొరకవు.